కలిపిన ఉప్పునీళ్ళు

మా బంధువుల పిల్ల ఒకతె ఈ మధ్య చెన్నపట్నంలో మెడికల్ కాలేజీ పరిశోధన గదిలో పనికి చేరింది. చేరే ముందు వచ్చి, "పెద్దమ్మా, నువ్వు పద్నాలుగేండ్లు ఆ పనే చేసినావంట గదా. ఏముంటాదా పనిలో?" అని అడిగింది. నోటితో నాలుగు మాటలు చెప్పి పంపాను. చెప్పనివి చాలా మిగిలిపోయాయి. అవి ఆ పిల్ల కోసం, ఆమె లాంటి వాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటిన తర్వాత. అందుకని పొడుగు వాక్యాలు రాయలేను.

నా పని ఏమిటంటే, నరం పలుకుతోందా లేదా అని వినడం.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ సంగతి తలకు చేరాలి. చేరవేసేది నరం. అది తంతి కబురులాగే ఒక చిన్న కరెంటుగా పోతుంది. మన చేతికి తెలిసేంత పెద్దది కాదు. డాక్టరు సారు దాన్ని రేడియోలో ఉండే గాజు బుడ్ల గుండా పంపించి వెయ్యింతలు పెద్దది చేసేవాడు. చివర్న గ్రామఫోను కొమ్ము లాంటిది ఒకటి ఉండేది. కప్ప కాలి నరాన్ని తీసి రెండు దూది వత్తుల మీద ఆనించి, దానికి చిన్న కరెంటు దెబ్బ తగిలిస్తే కొమ్ములో టప్పుమనేది. పెంకు మీద జొన్నలు పోసినప్పుడు మొదటి గింజ పేలుతుందే, అట్లాంటి చప్పుడు. ఆ చప్పుడు కోసమే మా ఇద్దరి జీవితాలూ గడిచాయి.

దూది

మేము దూదేకుల వాళ్ళం. మాది కడప దగ్గర కమలాపురం. మా నాయన పరుపులు ఏకేవాడు. విల్లు నారి మోగే మోతను బట్టే దూది పొడిగా ఉందో, చెమ్మగా ఉందో చెప్పేవాడు. ఆ చెవి నాకూ వచ్చింది. పెళ్ళయిన ఆరేళ్ళకే నా మొగుడు పోయాడు. పిల్లలు లేరు. అన్న వెంట ఊరూరూ తిరిగి పరుపులు కుట్టేదాన్ని. అట్లా కర్నూలులో డాక్టరు సారు ఇంటికి వచ్చాం.

సారుది కృష్ణా జిల్లా. చెన్నపట్నం కాలేజీలో పాఠాలు చెప్పి, అక్కడ పెద్దవాళ్ళతో పడక వచ్చేశాడు. భార్య లేదు. పొద్దున రోగులను చూసేవాడు. మిగిలిన పొద్దంతా వెనక గదిలో కప్పలతో గడిపేవాడు. అన్న పరుపు ఏకుతుంటే నేను పక్కన కూర్చుని, చేతికి వచ్చిన దూదితో ఊరికే వత్తులు చేస్తున్నాను. సారు నిలబడి చూశాడు.

"ఇంతకంటే సన్నగా చెయ్యగలవా?"

చేసి ఇచ్చాను.

"పొడుగంతా ఒకే లావు ఉండాలి."

అదీ చేశాను. సారు ఆ వత్తిని నీళ్ళలో ముంచి, వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. నరానికి ఇనుము గానీ రాగి గానీ నేరుగా తగిలితే ఆ లోహమే కరెంటు పుట్టిస్తుందట. మధ్యలో తడి దూది ఉండాలట. అంత సన్నటి వత్తి కుదరక ఆయన రెండేళ్ళుగా తంటాలు పడుతున్నాడని తర్వాత తెలిసింది.

అన్న నన్ను అక్కడ వదిలి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు అతని మొహం తేలికపడింది. నేను చూశాను. తప్పు పట్టలేదు.

కప్పలు

కర్నూలు ఎండల్లో కప్పను బతికించడం మొదటి విద్య. మట్టి తొట్లకు తడి గోనె చుట్టాలి, నీళ్ళు రోజుకు రెండుసార్లు మార్చాలి, చచ్చిన దాన్ని వెంటనే తీసేయాలి. ఇవి చెప్పడం తేలిక. ఎండాకాలంలో వేడిగాలికి కప్ప గంటలో పోతుంది. దాంతోపాటు ఆ రోజు పనీ పోతుంది.

కప్పలు తెచ్చేవాడు ఎల్లప్ప. కాలువ గట్టు మీద చేపలు పట్టుకునేవాడు. వచ్చినప్పుడల్లా ఒక మాట అనందే బుట్ట దించేవాడు కాదు.

"ఏం పీరమ్మా, నీ అత్తగారోల్లను తెచ్చినా. లెక్క చూసుకో."

"మొన్న తెచ్చినోల్లు కుంటోల్లు అప్పా. ఈ తూరి కాళ్ళుండేటివి తెచ్చినావా?"

"కాళ్ళు కోసుకునేదానివి నువ్వు. కుంటివంటే నన్నంటావా?"

వారమంతటిలో నవ్వే నవ్వు అదొక్కటే. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మొదట్లో పలకరించేవాళ్ళు. కప్పలను కోస్తానని తెలిశాక మానుకున్నారు. పక్కింటి ఖాసింబీ మాత్రం మా దొడ్డి బావికి నీళ్ళకు వచ్చేది. బావి మా దొడ్లో ఉంది కాబట్టి ఆమెకు తప్పదు. ఆమె కూడా నా చేద ముట్టుకోకుండా తన చేద తెచ్చుకునేది. "ఏమనుకోవద్దక్కా, మా అత్త ఒప్పుకోదు" అనేది. నేను ఏమీ అనుకోలేదని చెప్పేదాన్ని.

కొత్తగా చేరే పిల్లలకు ఒక మాట. చంపేటప్పుడు చెయ్యి వణికితే కప్పకు బాధ ఎక్కువ. మెడ వెనక సూది ఒక్కసారే, తిన్నగా పోవాలి. జాలి ఉండాలి, అది చేతిలోకి మాత్రం రాకూడదు. నాకు ఇది అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఈ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించేది. సారుతో చెప్పుకునే సంగతి కాదు.

సారు

సారు మంచివాడే. కానీ పని చెప్పేటప్పుడు కారణం చెప్పడు. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పడు. ఇది పెద్ద లోపమని ఇప్పుడు నిర్మొహమాటంగా అంటున్నాను. ఎదుటివాళ్ళకు తనంత తెలుసనుకుని మాట్లాడేవాళ్ళ దగ్గర పని చేస్తే, మీరే రెండోసారి అడగండి. తిట్టినా అడగండి. నేను అడగలేదు.

చేరిన మొదటి నెలలో "నరం పట్టి చూపించు" అన్నాడు. నేను కప్ప తొడలో నెత్తురు పారే దాన్ని పట్టి చూపించాను. మా వైపు నెత్తురు పారేదీ నరమే, కండను ఎముకకు కట్టేదీ నరమే. సారు తల అడ్డంగా ఊపి, దాని పక్కనే తెల్లగా నూలుపోగులా ఉన్నదాన్ని గాజు పుల్లతో ఎత్తి చూపించాడు. "ఇది" అన్నాడు. అంతే. మాట ఒకటే అయినా వస్తువులు వేరుగా ఉంటాయని ఆ రోజే బుద్ధిలో పెట్టుకోవలసింది.

ఆయన మెచ్చుకున్నది ఒక్కసారి. రోజూ పొద్దున తొమ్మిదింటికి కొమ్ము గుర్రుమనేది. సారు నెల రోజులు తీగలన్నీ విప్పి కట్టాడు, బుడ్లు మార్చాడు. ఒకనాడు నేను, "సార్, వీధి చివర పిండిమర మొదలైనప్పుడల్లా ఇది గుర్రుమంటాండాది. వాడు ఆపితే ఇదీ ఆగుతాండాది" అన్నాను. సారు మర దాకా నడిచి వెళ్ళి, ఇంజను ఆపించి, మరవాణ్ణి అక్కడే నిలబెట్టి వచ్చి విన్నాడు. కొమ్ము నిశ్శబ్దంగా ఉంది. మరలోంచి నిప్పురవ్వలు లేచినప్పుడల్లా గాలిలోనే కరెంటు తగులుతోందట. "నీ చెవి నా బుడ్ల కంటే నయం" అన్నాడు. ఆ రోజు నుంచి మర ఆగే మధ్యాహ్నాలే మా పని వేళ. ఎండకు వీధిలో కాకి కూడా ఉండదు. గదిలో ఇద్దరం, కొమ్ము, తడి గోనెల వాసన. గంటలు గంటలు ఒక్క మాట ఉండేది కాదు.

ఎండాకాలం

తీసిన నరం ఆరిపోకూడదు. ఆరిన నరం చచ్చిన నరం. దాని మీద బొట్టు బొట్టుగా నీళ్ళు వేస్తూ ఉండాలి. ఆ నీళ్ళు సారు స్వయంగా తయారు చేసేవాడు. వాన నీళ్ళను కాచి, ఆవిరి పట్టి, అందులో ఉప్పు, ఇంకేవో రెండు మూడు పొడులు తూకం వేసి కలిపి పెద్ద గాజు సీసాలో పోసేవాడు. నేను వాటిని మందునీళ్ళు అనేదాన్ని. సారు వాటిని ఏ పేరుతోనూ పిలవలేదు. సీసా వైపు వేలు చూపించేవాడు.

మూడో ఎండాకాలంలో సారుకు విషజ్వరం వచ్చింది. నలభై రోజులు మంచం మీదే ఉన్నాడు. పని ఆగకూడదని, రోజూ ఒక నరం తీసి వత్తుల మీద పెట్టి ఎంతసేపు బతికిందో చూసి చెప్పమన్నాడు. ఒకనాడు తలుపు దగ్గర నిలబడి, "సార్, గాలికి నరం ఊరికే ఆరిపోతాండాది" అన్నాను.

కళ్ళు తెరవకుండానే, "ఉప్పునీళ్ళు పోస్తూ ఉండు" అన్నాడు.

ఈ సీమలో పుట్టిన ఎవరినైనా అడగండి, ఉప్పునీళ్ళంటే ఏమిటని. తాగేవి మంచినీళ్ళు, అవి ఏటి నుంచి వస్తాయి. ఉప్పునీళ్ళు దొడ్డి బావిలో ఉంటాయి. గిన్నెలు తోమడానికి, గొడ్లు కడగడానికి వాడతాం. ఆడపిల్లకు మాటలు వచ్చేటప్పుడే ఈ రెండు మాటలూ వస్తాయి. నాకు ఆ ఆజ్ఞ వింతగా అనిపించలేదు. పైగా సబబుగా తోచింది. వాన నీళ్ళు అడుగంటాయి, మందునీళ్ళు దండుగ చేయకూడదని అంటున్నాడనుకున్నాను. అయినా ఊరికే పోయలేదు. సీసాలోవి ఒక చుక్క, బావిలోవి ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూశాను. రెండూ ఒకే ఉప్పన. మా ఆడవాళ్ళు నీళ్ళను నాలుకతోనే తూస్తారు. నా నాలుక మీద నాకు నమ్మకం.

సారు లేచాడు. అదే వారం చెన్నపట్నం నుంచి కొత్త గాజు బుడ్లు వచ్చాయి. బిగించి, నరం పెట్టి కూర్చున్నాం. ఇంకా దెబ్బ తగిలించలేదు. ఊరికే ఉన్న నరం ఏమీ పలకకూడదు. కొమ్ములోంచి టప్, టప్ అని వచ్చింది. ఆగింది. మళ్ళీ టపటపమని ఒక గుంపు. మళ్ళీ ఆగింది.

సారు చెయ్యి ఎత్తి నన్ను కదలవద్దన్నాడు.

మరుసటి రోజూ పలికింది. ఆ వారమంతా పలికింది. ఎవరూ ముట్టుకోకుండా, దేహం నుంచి వేరైన నరం తనంతట తాను పలుకుతోందని, పాత బుడ్లకు అంత చిన్న చప్పుడు అందలేదని, కొత్తవి వినిపిస్తున్నాయని సారు తేల్చాడు. ఏడాదిన్నర దాన్నే విన్నాం. గిన్నెలోకి నీళ్ళు నేనే నింపి పెట్టేదాన్ని. ఉప్పునీళ్ళే పోయమని ఒకసారి చెప్పాడు కాబట్టి మళ్ళీ మందునీళ్ళ జోలికి పోలేదు. ఎక్కడివని గానీ, సీసా ఎందుకు తరగడం లేదని గానీ ఆయన అడగలేదు.

ఆ ఏడాదిన్నర నా జీవితంలో బాగున్న కాలం. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఎదురు చూసేదాన్ని.

ఐదో వరస

తొట్ల మీద సారు సుద్దతో అక్షరాలు రాసేవాడు. అ తొట్టి, ఆ తొట్టి, ఇ తొట్టి. నేను ఆ గీతలను గుర్తుగా పెట్టుకుంటుంటే ఒకనాడు బల్ల మీద పిల్లల వాచకం కనిపించింది. ఎవరి కోసమని ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. కప్పలకు నీళ్ళు మార్చాక రోజూ ఒక పుట చదివాను. రెండేళ్ళకు కూడబలుక్కుని చదవడం వచ్చింది.

అంతలో చెన్నపట్నం నుంచి కబురు వచ్చింది. సారు కనుక్కున్న సంగతిని అక్కడి పెద్దల సభలో చదవమన్నారు. ఒకప్పుడు ఆయనను వెళ్ళగొట్టినంత పని చేసినవాళ్ళే వాళ్ళు. సారు పదిహేను రోజులు రాసుకున్నాడు, చించాడు, మళ్ళీ రాశాడు. రాసుకుంటూ ఈల వేశాడు. ఆయన ఈల వేయగా నేను అంతకుముందు వినలేదు.

తాను లేనప్పుడు పని నడవాలని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి గోడకు అంటించాడు. నా కోసం రాసిన మొదటి రాత అది. ఆయన రోగుల దగ్గరికి వెళ్ళాక, ఆశగా ఎదురుగా నిలబడి చదవడం మొదలుపెట్టాను. ఐదో వరస ఇది: "నరము ఆరకుండ, కలిపిన ఉప్పునీళ్ళు బొట్టుబొట్టుగ వేయవలెను."

క, లి, పి, న. మూడుసార్లు చదివాను. ఉప్పునీళ్ళను ఎవరు కలుపుతారు? అవి భూమిలోంచి వస్తాయి. సారు రాతలో తప్పు దొర్లిందనుకున్నాను. సీసా వైపు చూశాను. అడుగున ఏడాదిన్నర నాటి నీళ్ళు అట్లాగే ఉన్నాయి. సారు తూచి కలిపేది వాటినే.

కప్పకు రెండు కాళ్ళు, రెండు నరాలు. మర ఆగాక ఒకటి సీసా నీళ్ళలో, ఒకటి బావి నీళ్ళలో పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. బావి నీళ్ళలోది టపటపమంది. సీసా నీళ్ళలోది మూగగా ఉంది. వత్తులు మార్చి చూశాను. ఇంకో కప్ప. ఇంకోటి. మూడూ అంతే.

సారు ప్రయాణం మరుసటి రోజు మధ్యాహ్నం బండికి. చెప్పకుండా ఉండడం ఎంత తేలికో ఆ సాయంత్రమంతా ఆలోచించాను. ఆయన వచ్చేలోపు బావి నీళ్ళు పారబోస్తే నరాలు ఊరుకుంటాయి. ఆయన బుడ్లను అనుమానిస్తాడు. నేను ఆ ఇంట్లోనే ఉంటాను. నాకు వేరే ఇల్లు లేదు. కానీ అక్కడి వాళ్ళు తమ నీళ్ళతో అదే పని చేసి చూస్తారు. వాళ్ళ కొమ్ములో ఏమీ రాదు. అప్పుడు ఆయనను చూసి నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో కూడా ఆయనకు తెలియదు. ఆ ఒక్కటి నాకు మింగుడుపడలేదు.

పొద్దున సారు పరుపు చుట్ట కడుతున్నాడు.

"సార్, ఐదో వరసలో కలిపిన అని ఉండాది. అంటే ఏంది?"

"కలిపిన అంటే కలిపిన. తూచి, నీళ్ళలో కలిపిన."

"ఉప్పునీళ్ళు ఎవురైనా కలుపుతారా సార్? అవి బాయిలో ఉంటాయి గదా."

సారు చేతిలో తాడు ఆగింది. "ఏ బావిలో?"

"మన దొడ్లో."

"ఎప్పటినుంచి?"

"మీకు జరం వచ్చినప్పటి నుంచి. ఉప్పునీళ్ళు పోస్తూ ఉండమని మీరే చెప్తిరి. నేను అదే పోస్తాండా."

సారు కోటు విప్పి మేకుకు తగిలించాడు. "కప్ప తే" అన్నాడు.

రెండు నరాలూ తనే తీశాడు. తనే పెట్టాడు. మర ఆగాక తనే విన్నాడు. వాకిట్లో జట్కా వచ్చి నిలబడింది. జట్కా తోలే హుసేను కాసేపు చూసి కేకేశాడు. "సారూ, నా గుర్రం నిలబడే నిద్ర పోతాండాది. రైలు కూడా అట్లే నిలబడతాదనుకుంటాండారా?"

సారు బయటికి వెళ్ళి అతన్ని పంపేశాడు. వచ్చి కూర్చున్నాడు. "ఆ నీళ్ళలో చవుడు ఉంది. అది నరాన్ని గిల్లుతోంది. నరం మాట్లాడలేదు పీరమ్మా, గిల్లుతుంటే అరిచింది" అన్నాడు.

నేను వెనక గదికి పోయి బట్టలు మూట కట్టుకున్నాను. అన్నేళ్ళలో సారు నా గది గడప దాకా ఎప్పుడూ రాలేదు. ఆ రోజు వచ్చి బయటే నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"కమలాపురం సార్. అన్న ఇంటికి."

"అన్న రమ్మన్నాడా?"

"లేదు."

ఏమైనా అంటాడని తల వంచుకుని ఉన్నాను. తిట్టినా బాగుండేది. ఆయన వేరే సంగతి అడిగాడు. "ఇన్నాళ్ళూ ఆ చప్పుడు నీకెట్లా వినిపించేది?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "పక్కగదిలో మనుషులు మాట్లాడుకుంటాన్నట్టు ఉండేది సార్" అన్నాను.

సారు తల ఊపాడు. "నాకూ అంతే" అన్నాడు. "రేపు ఒక కప్ప సిద్ధం చెయ్యి" అని వెళ్ళిపోయాడు.

ఆయన చెన్నపట్నానికి రాలేనని తంతి కొట్టాడు. మరుసటి రోజు కొత్తగా నీళ్ళు కలిపాడు. ఏది ఎంత వేస్తున్నాడో, ఎందుకు వేస్తున్నాడో మొదటిసారి నాకు చెబుతూ కలిపాడు. నేను సీసా మీద కాగితం అంటించి ఐదో వరసలోని పేరు రాశాను. పిండిమర ఆగింది. నరం వత్తుల మీద పెట్టి, దెబ్బ తగిలించకుండా, ఆ నీళ్ళు బొట్టు బొట్టుగా వేస్తూ ఇద్దరం కొమ్ముకు చెరోవైపు కూర్చున్నాం. మర మళ్ళీ మొదలయ్యేదాకా విన్నాం. ఏమీ రాలేదు. పని సరిగ్గా జరిగింది.